తినొద్దు అన్న నోరు

ఈ సంగతి మా బావకి తెలుసు, మా ఆవిడకి తెలుసు, డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి తెలుసు. ఇక మీరే మిగిలారు. మీరూ మావాళ్లే అన్న ధైర్యంతో చెప్పేస్తున్నాను. అప్పు తెచ్చి నీళ్లలో పోసి, ఆ నీళ్లవైపు రాత్రీ పగలూ చూస్తూ కూర్చున్న మనిషెవరైనా నేను చేసిన పనికి కూతవేటు దూరం దాకా అయినా వెళ్లే ఉంటాడు. వెళ్లలేదంటే దేవుడు ఆయన్ని చల్లగా చూశాడన్నమాట.

మాది తణుకు. నాన్నగారి నాటి ఇనప సామాన్ల కొట్టు ఉంది. మేకులు, గొళ్లేలు, బోల్టులు అమ్ముకుంటూ నిక్షేపంగా బతకొచ్చు. కానీ మా గోదావరి జిల్లాల్లో ఆక్వా జ్వరం తగలని మనిషుంటే చూపించండి. డాక్టర్లు చెరువులు వేశారు, మాస్టార్లు వేశారు, పురోహితులు వేశారు. అత్తిలి దాటి ఉండి, ఆకివీడు వైపు వెళ్తే ఒకప్పటి వరిచేలన్నీ ఇప్పుడు నీళ్లే. మా బావ, అంటే మా ఆవిడ అన్నయ్య, అప్పటికే అందులో తలమునకలుగా ఉన్నాడు. ఒకరోజు మా కొట్లో కూర్చుని, "బావా, ఇనుము అలా ఉంచితే తుప్పు పడుతుంది. రొయ్య అలా ఉంచితే పెరుగుతుంది" అన్నాడు. ఆ ఒక్క ముక్కకి పడిపోయాను.

ఆకివీడు దగ్గర బావ చెరువు పక్కనే ఇంకో చెరువు లీజుకు దొరికింది. రెంటికీ మధ్య ఒకటే గట్టు. ఆ గట్టుని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మా అమ్మ వద్దంది. తొంభైల నడిమిలో తెల్లమచ్చల రోగం వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఎన్ని ఇళ్లలో నగలు బ్యాంకుకెళ్లి తిరిగి రాలేదో ఆవిడకి పేరుపేరునా తెలుసు. "అది టైగరమ్మా, ఇది వనామీ" అన్నాను, అంతా తెలిసినట్టు. 2009లో కేంద్రం అనుమతిచ్చాక ఈ వనామీయే మన తీరాన్నంతా ఆక్రమించింది. సీడు కొనడానికి వెళ్తే హేచరీ కుర్రాడు దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడా నుంచి విమానంలో దిగుతాయట. దిగినవాటిని తిన్నగా హేచరీకి ఇవ్వరు. చెన్నై నీలాంకరైలో ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రం ఉంది. అక్కడ ఉంచి, రోగాలు లేవని పరీక్షల్లో తేలాకే బయటికి వదులుతారు. ఇటు వచ్చే తల్లికి పరీక్ష. అటు ఓడెక్కే పిల్లకి పరీక్ష. మధ్యలో ఆ మూడు నాలుగు నెలలు మాత్రం గట్టు మీద నేనూ, నా అంతరాత్మా. కథంతా అక్కడే చెడింది.

చెడక ముందు నా గొప్పలు వినాలి మీరు. సీడు వదిలిన వారానికే నేను అమెరికాకి అన్నం పెడుతున్న మనిషినైపోయాను. పెళ్లి భోజనాల్లో పక్కవాడు ఏం చేస్తుంటారండీ అంటే "ఎక్స్‌పోర్ట్" అనేవాణ్ణి. రొయ్యలు అనేవాణ్ణి కాదు. అంకెలు కూడా నోటికొచ్చు. 2023-24లో మన దేశం అమ్మిన సముద్ర ఉత్పత్తులు 17 లక్షల 81 వేల టన్నులు, 60 వేల కోట్ల రూపాయల పైమాట. ఆ డబ్బులో మూడింట రెండొంతులు గడ్డకట్టించిన రొయ్యదే. అందరికంటే ఎక్కువ కొనేది అమెరికా, అందరికంటే ఎక్కువ పండించేది ఆంధ్రా. ఇది చెప్పేటప్పుడు ఆ 60 వేల కోట్లూ నా జేబులోంచే వెళ్లినంత గట్టిగా చెప్పేవాణ్ణి. అంకెలు అబద్ధం కాదు. వాటిని నా భుజాన వేసుకోవడమే అబద్ధం.

ఇంకో గొప్ప కూడా ఉంది, అసలు సిగ్గు అందులోనే ఉంది. బయటి నుంచి వచ్చే తిండి విషయంలో తణుకు మొత్తానికి నా అంత జాగ్రత్తపరుడు లేడని నా నమ్మకం. సూపర్ మార్కెట్లో విదేశీ చాక్లెట్ చేతిలోకి తీసుకుంటే, దాని మీద మన దేశపు దిగుమతిదారు పేరు, ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. లైసెన్సు నంబరు ఉన్న స్టిక్కరు వెతికేవాణ్ణి. లేకపోతే అది సరైన దారిన రాలేదని అక్కడికక్కడే కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి పాఠం. 2008లో చైనాలో పాలపొడిలో మెలమైన్ కలిపితే ఆరుగురు పసిబిడ్డలు చనిపోయారని, దాదాపు మూడు లక్షల మంది జబ్బున పడ్డారని, అప్పటినుంచి మన ప్రభుత్వం చైనా పాలనీ, పాలు కలిసిన చాక్లెట్లనీ దేశంలోకి రానివ్వడం లేదని చెప్పేవాణ్ణి. 2017 నాటి దిగుమతి నిబంధనల ప్రకారం, ఓడరేవులో దిగే నాటికి సరుకు ఆయుష్షులో అరవై శాతమో, లేదా మూడు నెలలో, రెండింట్లో ఏది తక్కువైతే అది మిగిలి ఉండాలనీ చెప్పేవాణ్ణి. పండ్ల కొట్టువాడు వాషింగ్టన్ ఆపిల్ ఇస్తే, 2021 మార్చి నుంచి దీనికి జన్యుమార్పిడి జరగలేదన్న పత్రం తప్పనిసరి, తెలుసా అని అడిగేవాణ్ణి. పాపం, ఆయన బేరం చేసుకునే టైములో నా పరీక్షలు రాసేవాడు.

ఇవన్నీ నిజమే. మంచి నిబంధనలే. నా పిల్లల నోట్లోకి వెళ్లేదాన్ని ఎవరో ఒకరు ఓడరేవులో ఆపి చూస్తున్నారంటే నాకు నిజంగా కృతజ్ఞతగా ఉండేది. అదే చూపు నా చెరువు మీదికి తిరిగేసరికి నాకు అది పోలీసు చూపులా కనిపించింది. అందరూ ఇంతేనేమో. తినేటప్పుడు పరీక్ష కావాలి. అమ్మేటప్పుడు వద్దు.

చెరువు బాగానే నడిచింది, కొన్నాళ్లు. ఏరియేటర్లు తిరుగుతున్నాయి, చెక్ ట్రేలో మేత ఖాళీ అవుతోంది, రాత్రి టార్చిలైటు వేస్తే నీళ్లలో కళ్లు మెరుస్తున్నాయి. ఒక తెల్లవారుజామున చెరువు మూల, గాలివాలు వైపు, నీళ్ల మీద తెల్లటి దారాలు తేలుతున్నాయి. రొయ్యను ఎత్తి వెలుతురులో చూస్తే పేగు తెల్లగా ఉంది. వైట్ గట్. మేత తినడం తగ్గింది. చెక్ ట్రేలో వేసిన మేత వేసినట్టే ఉంది. కరెంటు బిల్లు, డీజిలు, లీజు, మేత బాకీ, కుర్రాళ్ల జీతాలు అన్నీ ఒకేసారి నా ముందు బారులు తీరాయి.

మందుల షాపుకి వెళ్లాను. షాపు పేరు అడక్కండి, మన వైపు ఏ గట్టు దిగినా అలాంటిది ఒకటి ఉంటుంది. ఆయన చాలా ఆప్యాయంగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. లోపలికి వెళ్లి ఒక పొట్లం తెచ్చాడు. దాని మీద పేరు లేదు. కంపెనీ లేదు. బ్యాచ్ నంబరు లేదు. "కంగారు పడకండి గురువుగారూ. మేతలో కలిపి పెట్టండి, గట్ క్లియరైపోతుంది. ఇది మాత్రం బుక్కులో రాయకండి" అన్నాడు.

ఆ చివరి మాట చాలదూ? చాక్లెట్ మీద స్టిక్కరు లేకపోతే కౌంటర్‌లో పాఠం చెప్పే మనిషిని నేను. పేరు లేని పొట్లాన్ని రెండు చేతులా అందుకుని, "ఇంకో రెండు ఇవ్వండి, మళ్లీ రావడం దేనికి" అన్నాను. అందులో ఏముందని అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని భయం. తెలియనంతసేపూ నేను అమాయకుణ్ణే కదా. రొయ్యల చెరువులో వాడకూడని మందుల జాబితా నా దగ్గరే ఉంది. సీడు కొన్నప్పుడే ఎవరో ఇచ్చారు, మడత విప్పకుండా బండి డిక్కీలో పెట్టాను.

మేతలో కలిపించాను. కలిపే కుర్రాడు చేతికి కవరు తొడుక్కున్నాడు. ఎందుకురా అంటే "మొన్న చేతులు మండాయండి" అన్నాడు. ఆ మాట విని కూడా నడిచి వచ్చేశాను.

ఆ వారంలోనే అమ్మాయి ఫోన్ చేసింది. వీడియో కాల్. వెనకాల వంటిల్లు కనిపిస్తోంది, మనవడు ఎత్తు కుర్చీలో కూర్చుని చెంచాతో బల్ల బాదుతున్నాడు. "నాన్నా, ఇవాళ స్టోర్‌లో రొయ్యలు కొన్నాను. ప్యాకెట్ మీద ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా, ఫార్మ్ రైజ్డ్ అని ఉంది. మనవైపువే అయ్యుంటాయి. చిన్నాడికి వేపి పెడుతున్నా, మొదటిసారి తింటున్నాడు" అంది. ఎంత సంబరంగా చెప్పిందో. ఆ దేశంలో 2005 నుంచీ, చేపలూ రొయ్యలూ ఏ దేశానివో, పెంచినవో పట్టినవో దుకాణాల్లో రాసి తీరాలి. ఆ రెండు ముక్కలే చదువుకుని, మన నేలని పళ్లెంలో చూసుకుంటోంది పిచ్చిపిల్ల.

"పెట్టకు" అన్నాను.

నేను అందామని అనుకోలేదు. నోరే అనేసింది. "ఎందుకు నాన్నా?" అంది. నా దగ్గర ఏ జవాబూ లేదు. పసివాడికి పడదేమో అన్నాను, ఎలర్జీ అన్నాను, ఎవరికో దద్దుర్లొచ్చాయన్నాను, గడ్డకట్టిన సరుకులో పోషకాలుండవన్నాను, ఆఖరికి శనివారం కదమ్మా అన్నాను. వాళ్లకి అప్పటికి ఇంకా శుక్రవారమే. అమ్మాయి కాసేపు నా మొహంలోకి చూసి, స్టవ్ కట్టేసింది.

ఆ రాత్రి డిక్కీలోంచి ఆ కాగితం తీసి మడత విప్పాను. జాబితాలో మొదటి పేరు క్లోరాంఫెనికాల్. ఆ పేరు మన ఇళ్లకి కొత్తది కాదు. మా నాన్నగారి తరంలో టైఫాయిడ్ వస్తే క్లోరోమైసెటిన్ గొట్టాలే దిక్కు. ఎంతోమందిని బతికించిన మందు. అదే మందు ఎవరో నూటికో కోటికో ఒక్కరిలో ఎముక మజ్జ పనినే ఆపేస్తుంది, రక్తం తయారవడం ఆగిపోతుంది. ఆ ఒక్కరు ఎవరో ముందు తెలీదు. ఎంత మోతాదు దాకా ప్రమాదం లేదో తేల్చడానికీ వీల్లేదు. అందుకే మనం తినే జీవాల్లో దానికి అనుమతించిన పరిమితి అంటూ లేదు. తర్వాత నైట్రోఫ్యూరాన్లు. చిన్నప్పుడు మా తమ్ముడికి విరేచనాలైతే పట్టించిన పసుపుపచ్చ మందు, ఫ్యూరజోలిడోన్, ఆ కుటుంబంలోదే. జంతువుల మీద పరీక్షల్లో కేన్సరు తెస్తుందని తేలాక దీన్ని పెంపుడు జీవాలకి వాడకుండా అమెరికా 1991లో, యూరప్ 1995లో ఆపేశాయి.

దీని గుణం ఒకటి తెలిస్తే నాకు నిద్ర పట్టలేదు. అసలు మందు రొయ్య ఒంట్లో తొందరగానే కరిగిపోతుంది. కానీ కరిగినప్పుడు పుట్టే పదార్థం మాంసాన్ని పట్టుకుని వారాల తరబడి వదలదు. ఉడికించినా పోదు, వేయించినా పోదు. పరీక్షలు వెతికేది దాన్నే. ఎంత ఉంటే పట్టుకుంటారు? యూరప్ చాలాకాలం పెట్టుకున్న గీత కిలోకి ఒక మైక్రోగ్రాము. 2022 నవంబరు నుంచి అదీ సగానికి దించారు. ఇనుము తూచి అమ్మే మనిషిని కాబట్టి లెక్క వేశాను. కిలోకి మైక్రోగ్రామంటే టన్నుకి ఒక మిల్లీగ్రాము. లెక్కకి చూస్తే ఒక్క వంద మిల్లీగ్రాముల మాత్ర వంద టన్నుల రొయ్యని తిరగ్గొట్టగలదు. నేను వేసింది మాత్ర కాదు, పొట్లాలు.

అన్నిటికంటే బాధ ఏమిటంటే, ఆ తెల్లపేగు చాలాసార్లు ఈహెచ్‌పీ అనే సూక్ష్మజీవితో ముడిపడి ఉంటుంది. అది బ్యాక్టీరియా కాదు. దానికి యాంటీబయాటిక్ అసలు పనిచెయ్యదు. ల్యాబులో పీసీఆర్ పరీక్ష చేయిస్తే తెలిసేది. ఆ పరీక్షకి ఖర్చు దండగ అనుకున్న మనిషి పొట్లాలకి బేరం కూడా ఆడలేదు.

ఇప్పటికైనా బుద్ధి రావాలి కదా? రాలేదు. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు, దగ్గర పడింది.

ఎగుమతి కంపెనీ వాళ్లు ముందే చెప్పారు, ఈ సరుకు యూరప్‌కి, పట్టుబడికి ముందు పరీక్ష చేయించిన పత్రం కావాలి అని. 1972లో పుట్టిన మన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ, ఎంపెడా, ఈ పరీక్షలకోసం తీరమంతా ఎలీసా ల్యాబులు పెట్టింది, భీమవరంలోనూ ఉంది. ఎందుకు పెట్టాల్సి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 1997లో శుభ్రత సరిగా లేదని మన సముద్ర ఉత్పత్తుల్ని యూరప్ కొన్ని నెలలు అసలు రానివ్వలేదు. 2000ల మొదట్లో యాంటీబయాటిక్ గొడవ. 2012లో జపాన్ వంతు: మేతలో చేపపొడి పాడవకుండా కలిపే ఎథాక్సిక్విన్ రొయ్యలో దొరికిందని మన ఓడల్ని నిలబెట్టింది. అందులో రైతు చేతి తప్పేమీ లేదు, మేత కొని వేయడమే ఆయన చేసింది. 2016లో మన పెంపకపు రొయ్య లోడ్లలో పదింట ఒకదాన్ని పరీక్షించే యూరప్ సగం లోడ్లని పరీక్షించడం మొదలుపెట్టింది. అమెరికా పద్ధతి వేరు. అక్కడి ఎఫ్.డి.ఎ. వచ్చే సరుకులో చిన్న భాగాన్నే పరీక్షిస్తుంది. కానీ నిషేధించిన మందు దొరికి ఒక కంపెనీ పేరు హెచ్చరిక జాబితాకెక్కిందంటే, ఆ తర్వాత వచ్చే లోడ్లను చూడకుండానే రేవులో ఆపేయొచ్చు. శుభ్రంగా ఉందని నిరూపించుకునే భారం తెచ్చినవాడిదే. ఒక చెరువు గట్టు మీద ఒక మనిషి కలిపిన పొట్లానికి, ఏ పాపం ఎరగని ఇంకో వంద చెరువుల సరుకు రేవులో ఆగిపోతుంది. ఆ కంపెనీలో రొయ్యలు ఒలిచే ఆడవాళ్ల కూలీ ఆగిపోతుంది.

ఇదంతా తెలిసి నేనేం చేశానో వినండి. శాంపిల్ తీసుకోవడానికి ఐస్ పెట్టె పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. బావ ఆవేళ ఊళ్లో లేడు. భీమవరంలో పెళ్లికెళ్లాడు. నాకేమో గుండె దడ. కుర్రాడు బండి స్టాండు వేసి "చెరువెక్కడండీ" అన్నాడు. నా కాళ్లు ఎటు నడిచాయో ఆ కాళ్లకే తెలియాలి. గట్టెక్కాను, గట్టు మీద నడిచాను, కుడివైపు నాది, ఎడమవైపు బావది, నా వేలు లేచింది, ఎడమవైపు తిరిగింది. "ఇదే" అన్నాను. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లకి పక్కింటి కుర్రాణ్ణి చూపించినట్టు చూపించాను. అతను వల విసిరాడు, లాగాడు, నిగనిగలాడే రొయ్యలు. "బాగున్నాయండీ" అన్నాడు. "మరేమనుకున్నావ్" అన్నాను. బావ దగ్గర పనిచేసే ముసలాయన షెడ్డులోంచి తొంగి చూశాడు, "ఏవండోయ్" అని ఏదో అనబోయాడు, నేను చెయ్యూపాను, ఆయనా ఊపాడు. కుర్రాడు సంచి కట్టాడు, సీలు వేశాడు, రైతు పేరు రాయమన్నాడు. నా పేరు రాశాను. సర్వే నంబరు నాది. సంతకం నాది. రొయ్యలు బావవి.

బావ పద్ధతైన మనిషి. చెరువులో సున్నం వేస్తే కూడా పుస్తకంలో రాస్తాడు. ఆయన రొయ్య పాస్ అవుతుందనడంలో నాకు రవ్వంత అనుమానం లేదు.

రిపోర్టు వచ్చింది. ఫెయిల్. నైట్రోఫ్యూరాన్ ఆనవాలు ఉంది.

కాసేపు నాకేమీ అర్థం కాలేదు. తర్వాత మెల్లగా అర్థమైంది. బండేసుకుని ఆకివీడు వెళ్లాను. బావ గట్టు మీదే కూర్చుని ఉన్నాడు. కాగితం ఆయన చేతిలో పెట్టి, "ఇది నీ చెరువు" అన్నాను. చదివాడు. నా పేరు చూశాడు, ల్యాబు కోడు చూశాడు, ముసలాయన చెప్పింది గుర్తొచ్చినట్టుంది. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "నీకూ ఆ షాపాయనేనా ఇచ్చింది?" అన్నాడు. అవునన్నాను. "బుక్కులో రాయకండి అన్నాడు కదూ" అన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరం ఆ గట్టు మీద ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నీళ్లవైపు చూస్తూ కూర్చున్నాం. పద్ధతైన మనిషికి పుస్తకంలో రాయని రోజు ఒకటి ఉంటుందని నాకు తెలీదు.

ఇక్కడితో ఆగితే బాగుండు. ఇంతకంటే పెద్ద తప్పు తర్వాత చేశాను. యూరప్ వద్దంది, కంపెనీ వద్దంది. పత్రాలు అడగని ఏజెంటు మర్నాడే వచ్చాడు. రేటు బాగా తగ్గించాడు. "లోకల్‌కి వేసేస్తానండీ" అన్నాడు. లోకల్ అంటే ఎక్కడని నేను అడగలేదు. పొట్లంలో ఏముందని అడగనట్టే. రాత్రికి రాత్రి పట్టుబడి అయిపోయింది, డబ్బు చేతిలో పడింది, మేత బాకీ తీరింది.

ఆ ఆదివారం మా ఆవిడ మార్కెట్‌కి వెళ్లి రొయ్యలు తెచ్చింది. చింతచిగురు వేసి వండింది. ఇల్లంతా ఆ వాసన. అన్నం ముందు కూర్చుని చెయ్యి పెట్టలేకపోయాను. ఏ కుప్పలోంచి తెచ్చిందో, ఆ కుప్ప ఏ చెరువుదో ఎవరికి తెలుసు? డాలస్‌లో అమ్మాయి కొన్న ప్యాకెట్ మీద దేశం పేరుంది, లాట్ నంబరుంది, దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్తే కంపెనీ దొరుకుతుంది. మా తణుకులో మా ఆవిడ కొన్న కుప్పకి పేరు లేదు. అక్కడివాళ్లు తమ పిల్లలు తినకూడదని వద్దన్న సరుకుని, ఇక్కడ మన పిల్లలకి నేనే పంపాను. మీతో చెప్పడానికి నాకు అన్నిటికంటే కష్టమైన వాక్యం ఇది. "ఏం, బాగోలేదా?" అంది ఆవిడ. అప్పుడు చెప్పాను, మొత్తం. ఆవిడ కూరగిన్నె మీద మూత పెట్టి, చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నువ్వు తినొద్దన్నావని అమ్మాయి రొయ్యలు పారేసిందట. మాకెందుకు చెప్పలేదు?" అంది. ఎప్పుడూ మీరు అనే మనిషి, నువ్వంది.

2018 గుర్తొచ్చింది. ఆ వేసవి చివర కేరళ ఆహార భద్రత శాఖ ఆపరేషన్ సాగర్ రాణి అని పేరు పెట్టి చెక్‌పోస్టుల్లో చేపల లారీలు ఆపింది. జులైలో అసోం ప్రభుత్వం ఫార్మలిన్ ఉందంటూ మన ఆంధ్రా చేపల్ని పది రోజులు నిషేధించింది. మరుసటి ఏడాది జనవరిలో పాట్నాలోనూ ఆపారు. కైకలూరు, ఆకివీడు నుంచి గువాహటి, హౌరా వెళ్లే ఐసు లారీలు నిలబడిపోయాయి. టీకొట్టు దగ్గర అందరికంటే గట్టిగా అరిచింది నేనే. మన కొల్లేటి చేపంటే వాళ్లకి ఏడుపన్నాను, మన రైతు పొట్ట కొట్టే కుట్ర అన్నాను. గువాహటిలో ఒక తల్లి ఆ చేప పిల్లాడికి పెట్టాలా వద్దా అని చేత్తో పట్టుకుని ఆలోచిస్తుంటుందని నాకు తట్టలేదు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ వాళ్లు ఫార్మలిన్ ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకునే చిన్న కాగితపు కిట్టు తయారు చేశారని పేపర్లో చదివి, పేజీ తిప్పేశాను. మన మార్కెట్లో కూడా అది ఉంటే బాగుండునని అనుకోవాలి కదా. పరీక్ష అంటే అవతలివాడు మనమీద చేసే దౌర్జన్యం అన్న లెక్కలోనే ఉండిపోయాను ఇన్నాళ్లూ.

ఇప్పుడు బావా నేనూ ఒకే పుస్తకం పెట్టుకున్నాం. సీడు బిల్లు, మేత బ్యాచ్, నీళ్ల పరీక్ష, ఏది వేసినా తేదీతో సహా రాస్తున్నాం. పేరు లేని పొట్లం గట్టెక్కదు. 2025లో కేంద్రం, మనం తినే జీవాల పెంపకంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల మందుల దిగుమతి, తయారీ, అమ్మకం అన్నీ నిషేధించింది. రైతుని వాడొద్దనడం ఎప్పటినుంచో ఉంది. అమ్మేవాణ్ణి అమ్మొద్దనడం ఇప్పుడు గట్టిపడింది. ఇది మందుల షాపుల అరల దాకా, లోపలి గదుల దాకా చేరాలి. ఆ గదిలోంచి వచ్చిన పొట్లాన్ని చేత్తో పట్టుకున్నవాణ్ణి కాబట్టి అడుగుతున్నాను.

అమ్మాయికి కూడా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. అక్కడివాళ్లు చూసుకుంటారులే నాన్నా, అమ్మా నువ్వూ తినేదాన్ని ఎవరు చూస్తున్నారు అని అడిగింది. కాగితం మీద మన దేశంలోనూ హద్దులున్నాయి. సరుకు తీసి పరీక్షకి పంపే చేతులే తక్కువ. వెతికితే 2006 నాటి ఆహార భద్రత చట్టంలో ఒక సెక్షన్ కనిపించింది, నలభయ్యోది. కొనుక్కున్న మామూలు మనిషి కూడా రుసుము కట్టి తను కొన్న తిండిని ఫుడ్ ఎనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. సరుకు నిబంధనలకి తగ్గట్టు లేదని తేలితే కట్టిన డబ్బు తిరిగి వస్తుంది. ఒకటే షరతు. కొనేటప్పుడే అమ్మేవాళ్లకి ఆ సంగతి మొహాన చెప్పాలి.

పోయిన ఆదివారం మా ఆవిడతోపాటు నేనూ మార్కెట్‌కి వెళ్లాను. ఎప్పుడూ తను కొనే ఆవిడ దగ్గరే ఆగాం. అరకిలో తూచింది. "అమ్మా, వీటిని పరీక్షకి పంపుదామనుకుంటున్నాను, నీ మీద కోపం కాదు" అన్నాను. తిడుతుందనుకుని నాలుగు మాటలు ముందే సిద్ధం చేసుకున్నాను. ఆవిడ తక్కెడ కింద పెట్టి నా వైపు చూసింది. "చెరువులోళ్లు ఏం వేత్తారో మాకేం తెలుసు బాబుగారూ. మిగిలినయ్యి మా పిల్లలే తింటారు. ఏం తేలిందో నాకూ చెప్పండి" అంది.

ఆ చెరువులోళ్లలో నేనొకణ్ణని అక్కడే చెప్పాను. ఆవిడ ఏమనుకుందో గానీ, సంచిలో ఐసు మాత్రం ఇంకో గుప్పెడు వేసింది. రుసుము కట్టాక రశీదు జిరాక్సు తీయించి, ఒకటి ఆవిడకి ఇచ్చి వచ్చాను.